నేను తొక్కింది బ్రేకే

ఒక మనిషి మీద పదహారు నెలలు పగ పెట్టుకుని బతికాను. అంట్లు తోముతూ, బట్టలు ఇస్త్రీ చేస్తూ, ముసలామెకు స్నానం చేయిస్తూ, ఆ మనిషిని ఏం చేస్తే నా కడుపు చల్లబడుతుందా అని ఆలోచించాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా భాషలో మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదనే నేను క్షమించలేకపోయాను.

మాది కడప జిల్లా. మస్కట్‌లో, ఖురంలో ఒక ఒమానీ వాళ్ల ఇంట్లో పనికి వచ్చి అప్పటికి ఆరేళ్లు. మేడమ్ ఆఫీసులో ఉద్యోగం చేసేది. ఆమె భర్త ఎడారిలో చమురు బావుల దగ్గర పనిచేసేవాడు, రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. బడికి వెళ్లే ఆడపిల్లలు ఇద్దరు. మేడమ్ తల్లి కూడా మాతోనే ఉండేది. ఆమెను ఇంట్లో అందరం మామా అనేవాళ్లం. ఇక్కడి మాటలో మామా అంటే అమ్మ. నేను మొదటిసారి ఇంటికి ఫోన్ చేసి మామాకు కాళ్లు నొక్కుతున్నానని చెబితే, మా అమ్మ ఎవరో మగమనిషి అనుకుని గుండె పట్టుకుంది.

పిల్లల్ని, మామాని తిప్పడానికి ఒక డ్రైవర్ కావాల్సి వచ్చింది. ఇంట్లో అంతా ఆడవాళ్లే కదా, నువ్వే నేర్చుకోరాదా అంది మేడమ్ ఒకరోజు. నేను నవ్వేశాను. మా తమ్ముడు వాడి మోపెడ్ మీద నన్ను చెయ్యి కూడా వేయనిచ్చేవాడు కాదు. కానీ మేడమ్ నవ్వలేదు. వారం తిరక్కుండా ఒక ఒమానీ ఆడ టీచర్‌ని మాట్లాడింది.

ఇక్కడ లైసెన్సు తేలికగా ఇవ్వరు. డ్రమ్ముల మధ్య బండిని వెనక్కి పెట్టాలి. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా ముందుకు తీయాలి. ఆ తర్వాత పోలీసాయన పక్కన కూర్చుంటే రోడ్డు మీద నడపాలి. మూడుసార్లు తప్పాను. ఒకసారి డ్రమ్ము పడేశాను, ఒకసారి ఎత్తు మీద జారాను, మూడోసారి భయంతో రౌండెబౌట్‌లో దారి ఇవ్వడం మరిచిపోయాను. నాలుగోసారి పోలీసాయన కాగితం మీద ఏదో రాసి, దిగుతూ "మబ్రూక్" అన్నాడు. అభినందనలు అని. నేను బండిలోనే కూర్చుని ఏడ్చాను. ఆ కార్డు ఫోటో తీసి తమ్ముడికి పంపాను. వాడు బొటనవేలు బొమ్మ పంపాడు. అంతకంటే ఎక్కువ వాడి దగ్గర నేనూ ఆశించలేదు.

రెండేళ్లు నడిపాను, ఒక్క గీత పడకుండా. తర్వాత మేడమ్ కొత్త కారు కొంది. పెట్రోలుతోను, బ్యాటరీతోను రెండిటితో నడిచే రకం. చప్పుడు చేయదు. ముందు పెద్ద తెర. తాళంచెవి కూడా తిప్పక్కర్లేదు. ఆ కారంటే మామాకు ముచ్చట. ఏ పనీ లేకపోయినా నా పక్క సీట్లో కూర్చుని అజైబాలో ఉన్న చెల్లెలింటికి పోదాం పద అనేది. దారి పొడుగునా నాతో ఆగకుండా మాట్లాడేది. నా అరబ్బీ అంతా ఆ కారులో నేర్చుకున్నదే.

ఆరోజు కూడా చెల్లెలింటి నుంచే తిరిగి వస్తున్నాం. అసర్ నమాజు అయిపోయి ఎండ కాస్త దిగింది. కంట్లో వేసుకునే మందు అయిపోయిందని మామా చెబితే అజైబాలోనే ఒక మందుల షాపు ముందుకు తిప్పాను. ఖాళీ జాగా ఉంది. కారు మనిషి నడిచినంత నెమ్మదిగా పోతోంది. ఆగుతున్నాం కదా అని మామా ముందే బెల్టు తీసేసింది. "ఆగు మామా" అంటూనే బ్రేకు మీద కాలు పెట్టాను.

కారు ఆగబోయింది. ఆగబోయి, ఎవరో వెనక నుంచి తోసినట్టు ముందుకు దూకింది. కింద నుంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. నా కాలు బ్రేకు మీదే ఉంది. ఇంకా గట్టిగా, సీట్లోంచి పైకి లేచేంతగా తొక్కాను. తొక్కుతున్నా అది లాగుతూనే ఉంది. మెట్టు ఎక్కి షాపు ముందున్న స్తంభానికి కొట్టుకుని ఆగింది. మామా సీటు మీంచి జారి కాళ్లు పెట్టుకునే చోట ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆమె చేతిలోని కాఫీ ఫ్లాస్కు పగిలి, ఆ వేడి ఇద్దరి మీదా పడింది. ఆమె అరవలేదు. నా పేరు పెట్టి ఒక్కసారి పిలిచింది, అంతే.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు.

కారును కంపెనీ సర్వీస్ సెంటర్‌కు లాక్కుపోయారు. అదీ అజైబాలోనే. రెండో రోజు అక్కడి నుంచి ఫోన్ వచ్చింది, డ్రైవర్ వచ్చి ఏం జరిగిందో చెప్పాలని. మేడమ్ ఆసుపత్రిలో ఉంది. ఆమె భర్త నన్ను దింపి, బయట ఎవరితోనో ఫోన్‌లో ఉండిపోయాడు. నేను ఒక్కదాన్నే లోపలికి పోయాను.

అక్కడి సర్వీస్ మేనేజర్ తెలుగాయన. నలభై ఐదేళ్లు ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. నా ముఖం చూడగానే తెలుగులో పలకరించాడు.

"ఏమ్మా, ఏ ఊరు మీది? కూర్చో. ముందు నీళ్లు తాగు."

రెండు రోజులుగా అరబ్బీలో, వచ్చీరాని హిందీలో సంజాయిషీలు చెప్పుకుంటున్నదాన్ని. తెలుగు వినపడగానే నా ప్రాణం లేచి వచ్చింది. అంతా చెప్పాను. "బ్రేకే తొక్కినా సార్. కారు తనకు తానే దూకింది."

"సరేనమ్మా. కంప్యూటర్ పెట్టి చూస్తున్నారు మావాళ్లు. కారు అబద్ధం చెప్పదు."

"నేనూ చెప్పను సార్."

ఆయన నవ్వి, నా కాళ్ల వైపు చూశాడు. రబ్బరు చెప్పులు. ఆరోజు కూడా ఇవేనా అని అడిగాడు. అవునన్నాను. లోపలికి పోయి కాసేపటికి ఒక కాగితంతో వచ్చాడు, అంతా ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు.

"ఏముంది సార్ దీంట్లో?"

"ఏం లేదమ్మా. ప్రమాదం జరిగినప్పుడు బండి నువ్వే నడుపుతున్నావని, పక్కన పెద్దావిడ ఉందని. అంతే. ఇక్కడ సంతకం పెట్టు."

తెలుగులో సంతకం పెట్టాను. పెట్టి ఆయనకు దండం కూడా పెట్టాను.

వారం తర్వాత మేడమ్ ఆ కాగితం నకలు నా ముందు పెట్టింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నువ్వే ఒప్పుకుని సంతకం చేశావు. నాతో మాత్రం బ్రేకు అంటున్నావు. నాతో ఎందుకు అబద్ధం చెప్పావు?" అంది. ఆ కాగితంలో ఏముందో ఆమె నోటి ద్వారానే నాకు తెలిసింది. నేను వదులు చెప్పులు వేసుకున్నాననీ, బ్రేకు అనుకుని పొరపాటున పక్కదాన్ని తొక్కి ఉండవచ్చనీ, కారులో నాకు ఏ లోపమూ కనబడలేదనీ. కింద నా సంతకం, గుండ్రంగా, బళ్లో నేర్పినట్టు.

నేను అట్ల చెప్పలేదని ఎంత చెప్పినా సంతకం అబద్ధమని చెప్పలేను కదా. మేడమ్ మంచి మనిషి కాబట్టి నన్ను ఇంటికి పంపేయలేదు. తాళం తీసుకుంది. నా లైసెన్సు కూడా తీసుకుని తన బీరువాలో పెట్టుకుంది. "ఇకనుంచి మామా పని చూడు" అంది.

మామా పని అంటే ఆమెను లేపి కూర్చోబెట్టడం, కుర్చీ కింద గిన్నె పెట్టడం, కడగడం, మళ్లీ పడుకోబెట్టడం. నేను చెయ్యి వేస్తే ఆమె గోడ వైపు తిరిగేది. చూడటానికి వచ్చిన చుట్టాలు ఎలా జరిగిందని అడిగితే నన్ను చూపించేది. "నన్ను విరిచింది ఇదే" అనేది. నేను వాళ్లకు ఖర్జూరాలు, కాఫీ ఇచ్చేదాన్ని. కారులో దారంతా నాతో కబుర్లు చెప్పిన మనిషి, ఏడు నెలలు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా నీళ్లు, మందు అని అవసరమైన మాటే.

ఇంకొక సంగతి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. నాకే అనుమానం మొదలైంది. సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతూ కుడికాలు నేల మీద నొక్కేదాన్ని. ఇది బ్రేకు. కాస్త పక్కకు జరిపి, ఇది రెండోది. ఆరోజు ఇక్కడ పెట్టానా, అక్కడ పెట్టానా? నా కాలు ఎక్కడుందో నాకు తెలియకుండా పోయింది. ఎముకకు ఇనుము వేసి కలిపారు. నాలో తెగిన దాన్ని కలిపేది ఏదీ లేదు.

ఒకసారి ధైర్యం చేసి ఆ మేనేజర్‌కు ఫోన్ చేశాను. "సార్, మీరు నాకు ఒకటి చెప్పి, కాగితంలో ఇంకోటి రాసినారు."

ఆయన గొంతు పెంచలేదు. "అదైపోయింది కదమ్మా. మళ్లీ మళ్లీ తవ్వితే నీకే నష్టం. వీసా వాళ్ల చేతిలో ఉంది, గుర్తుపెట్టుకో. వంటపనికైనా ఉంచుకున్నారు, సంతోషించు."

ఆ రోజు నుంచి నేను సంతోషించడం నేర్చుకున్నాను, ఇంకో రకంగా. ఆయనకు కాలు విరిగినట్టు, నేను పక్కన నిలబడి లేపనట్టు ఊహించుకునేదాన్ని. ఆయన కారు టైర్లలో గాలి తీసేసినట్టు. ఆయన పనిచేసే చోట అందరి ముందూ నేను ఏదో అంటున్నట్టు. ఏమనాలో మాటలు కూర్చుకుని, బాగాలేకపోతే కొట్టేసి మళ్లీ కూర్చుకునేదాన్ని. మా ఊరివాళ్లు, గోదావరి వాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లం శుక్రవారాలు ఖురం పార్కులో కలిసేవాళ్లం. అక్కడ ఒకామె చెప్పింది, ఆయన తెలుగువాళ్ల భోజనాల్లో ఈ కథ చెప్పి నవ్విస్తున్నాడని. చెప్పులేసుకుని కారు నడిపి గోడ ఎక్కించిన కడప ఆమె కథ. "నువ్వేమీ అనుకోవద్దులే అక్కా" అంది ఆమె. నేను అనుకున్నాను. ఒక్క మాట పోకుండా దాచుకున్నాను.

పదహారో నెలలో, ఒక సాయంత్రం మేడమ్ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఫోన్. కారు కంపెనీ వాళ్లు పంపిన సందేశం. ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత నాకు అర్థమయ్యే అరబ్బీలో ఒక్కో ముక్క చెప్పింది. మీ కారు రకంలో, మోటారును నడిపించే కంప్యూటర్ ప్రోగ్రాంలో లోపం బయటపడింది. నెమ్మదిగా పోతున్నప్పుడు, డ్రైవర్ బ్రేకు తొక్కినా మోటారు కాసేపు ముందుకు లాగవచ్చు. కారును రీకాల్ చేస్తున్నాం, వెంటనే తీసుకురండి, ప్రోగ్రాం ఉచితంగా మారుస్తాం.

నా చేతిలో ఉల్లిపాయ ఉంది. దాన్ని పూర్తిగా తరిగాను. అప్పుడు అన్నాను, "ఇంకోసారి చదవండి మేడమ్."

ఆమె ఇంకోసారి చదివింది. చదివి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. తేలికపడతానని ఇన్నాళ్లూ అనుకున్నాను, పడలేదు. మొదటిసారి నా పగకు కాళ్లు వచ్చాయి, నేల దొరికింది. నాకు అనిపించింది అదొక్కటే.

మేడమ్ మామా గదిలోకి పోయి చెప్పింది. కాసేపటికి మామా నన్ను పిలిచింది. నా మణికట్టు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. "నన్ను మన్నించు బిడ్డా" అంది. మీదేం తప్పు మామా, అన్నాను. అది నిజంగానే అన్నాను. ఆమె మీద నాకున్న కోపమంతా అప్పటికే వేరే మనిషి ఖాతాలోకి చేరిపోయింది.

మేడమ్ తాళం, లైసెన్సు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. కారును నేనే నడుపుకుంటూ తీసుకెళ్తానన్నాను. ఈ ప్రోగ్రాం మార్చనిదే నడపకూడదంది ఆమె. సరే, లారీ మీద పంపుదాం, నేను మాత్రం మీతో వస్తాను అన్నాను.

సర్వీస్ సెంటర్‌లో ఆరోజు రద్దీగా ఉంది. అదే రకం కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. మేడమ్‌తో ఇంగ్లీషులో ఏదో చెప్పి, నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, బాగున్నావా? చిన్న అప్‌డేటే. గంటలో అయిపోతుంది."

"సార్, నేను తొక్కింది బ్రేకే అని ఇప్పుడైనా అంటారా?"

ఆయన నవ్వు ముఖం మీదే ఉంది. "ఇది ముందు జాగ్రత్త కోసం చేస్తున్నారమ్మా. నీ కేసు వేరు."

నీ కేసు వేరు. ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే, ఒక్కసారి "పొరపాటైందమ్మా" అని ఉంటే, నేను అక్కడితో ఇంటికి పోయి ఉండేదాన్నేమో. ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. పోయి ఉండేదాన్ని కాదు. అయినా ఆ మాట అన్నందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. నాకు ఏ మొహమాటమూ మిగలకుండా చేశాడు.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఒక మెకానిక్ తాళం నా చేతికిచ్చి, చూపు దించుకుని "మాఫ్ కర్ దో అక్కా" అన్నాడు. క్షమించమని. ఆయన్ని నేను ఎరుగుదును. మా కడప ఆయనే, ఇంట్లో దక్కనీ మాట్లాడే సాయిబులు. ఆయన భార్య తరఫువాళ్లు మాకు తెలిసినవాళ్లు. నంబరు సంపాదించి ఆ పై శుక్రవారం ఫోన్ చేశాను.

మొదట ఏమీ చెప్పనన్నాడు. నా పదహారు నెలలు ఎలా గడిచాయో చెప్పాను. మామాను కడగడం దగ్గర్నుంచి సింకు దగ్గర కాలు నొక్కుకోవడం దాకా.  తర్వాత చెప్పాడు.

"అక్కా, ఆ కారుకు కంప్యూటర్ పెట్టింది నేనే. అంతా కనిపించింది. నీ కాలు బ్రేకు మీదే ఉంది. రెండో పెడల్ సున్నా. మోటారు మాత్రం లాగతాండాది. నేను మేనేజర్ సాబ్‌కు చూపించినా. ఆయన తుడిచేయ్ అన్నాడు. కర్నా పడా అక్కా, చేయక తప్పలేదు, నౌకరీ కదా. నేనే తుడిచినా."

"ఎందుకు తుడవమన్నాడన్నా?"

"అంతకుముందే రెండు కార్లు అట్లనే వచ్చినాయి. పైకి రిపోర్టు పంపలేదు ఆయన. మూడోది కూడా బయటపడితే ముందువి ఎందుకు దాచినావని అడుగుతారు గదా. నా పేరు యాడా చెప్పొద్దు అక్కా. మాట ఇయ్యి."

మాట ఇచ్చాను. ఇస్తున్నప్పుడే నా ఫోన్ ఆ మాటలన్నీ రికార్డు చేస్తోంది. ఫోన్ చేసే ముందే ఆ బొత్తం నొక్కి పెట్టాను. ఆయన చెబుతాడని తెలిసి కాదు, చెబితే వదులుకోకూడదని. దీన్ని ఇక్కడ చక్కదిద్ది రాయడం నాకు ఇష్టం లేదు. నన్ను కాగితంతో మోసం చేసిన మనిషి మీద పగ తీర్చుకోవడానికి నేను ఇంకో మనిషిని ఫోన్‌తో మోసం చేశాను.

మేడమ్‌కు వినిపించి, అర్థం చెప్పాను. ఆమె ముఖం రాయిలా అయిపోయింది. వినియోగదారుల ఫిర్యాదులు చూసే ఆఫీసుకు ఒకటి, కార్ల కంపెనీ పెద్దలకు ఒకటి ఫిర్యాదు రాసి, ఆ రికార్డు కూడా పంపింది. మూడు వారాలకు కంపెనీ వాళ్లు మాట్లాడదాం రమ్మన్నారు. మేడమ్‌ను ఒక్కటే అడిగాను. అక్కడ ఆయనతో నేను తెలుగులో మాట్లాడతాను, ఆయన కూడా తెలుగులోనే జవాబు చెప్పాలి. ఆ కాగితం అసలుది తెప్పించమనండి. మేడమ్ ఎందుకని అడగలేదు.

పెద్ద గది. పొడుగాటి బల్ల. కంపెనీ యజమానుల తరఫున ఒక ఒమానీ పెద్దాయన, కారు తయారు చేసినవాళ్ల తరఫున ఒక విదేశీయుడు, మేడమ్, నేను. ఎదురుగా మేనేజర్. మెకానిక్‌ను కూడా పిలిపించి ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన నా వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు ఇంకా నాకు గుర్తుంది. అయినా నేను ఆగలేదు.

కాగితం బల్ల మీద పెట్టారు. దాన్ని ఆయన ముందుకు జరిపాను.

"సార్, ఆరోజు నాకు దీన్ని తెలుగులో చదివి చెప్పినారు. ఈరోజు కూడా చదవండి."

ఆయన ఒమానీ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన చేత్తో సైగ చేశాడు, కానివ్వమని.

"ఇదంతా ఎందుకమ్మా ఇప్పుడు," అన్నాడు తగ్గిన గొంతుతో.

"నాకు ఇంగ్లీషు రాదు సార్. నేను దేని కింద సంతకం పెట్టినానో మీ నోటితోనే వినాల. ఒక్కో ముక్క చదవండి. ఆ అన్న వీళ్లకు హిందీలో చెప్తాడు."

చదివాడు. మొదట గబగబా చదివేశాడు. నెమ్మదిగా చదవమన్నాను. మళ్లీ మొదలుపెట్టాడు. నేను చెప్పులు వేసుకున్నాననే చోట ఆగి నీళ్లు తాగాడు. పొరపాటున పక్కదాన్ని తొక్కి ఉండవచ్చు అనే ముక్క వచ్చినప్పుడు కాగితం మీదికి ఇంకా వంగాడు. మూలన కూర్చున్న మెకానిక్ ప్రతి ముక్కా హిందీలో చెబుతున్నాడు. హిందీ తెలిసిన మేడమ్ దాన్ని అరబ్బీలోకి మార్చి పెద్దాయనకు చెబుతోంది. అలా ఆ అబద్ధం మూడు భాషల్లో బల్ల చుట్టూ తిరిగింది.

"ఇది నేను చెప్పిన మాటేనా సార్?"

ఆయన కాగితాన్ని వెనక్కి జరిపాడు.

"ఆరోజు మీరు నాకు చదివింది ఇదేనా?"

"కాదు," అన్నాడు.

అది చాలు. పదహారు నెలల్లో నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ వాడలేదు. కానీ నిజం చెబుతున్నాను, ఆ కాదు అన్న మాట లోపలికి దిగుతుంటే ఆకలి మీద అన్నం తిన్నట్టుంది. ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. చొక్కా చంకల దగ్గర తడిసిపోవడం చూశాను. అన్నీ చూశాను, దేన్నీ వదల్లేదు.

బయట వరండాలో ఆయన నా వెనకాలే వచ్చాడు. "ఏదో అప్పుడు పైవాళ్ల ఒత్తిడమ్మా. మనం మనం తెలుగువాళ్లం. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని మేడమ్‌కు ఒక మాట చెప్పు."

"తెలుగువాళ్లమనే కదా సార్, ఆరోజు చదవకుండా సంతకం పెట్టింది," అన్నాను. కారు తాళం నా చేతిలోనే ఉంది. నేనే నడిపాను ఇంటికి.

ఆయన్ని ఆ పదవి నుంచి తీసేశారు. ఉద్యోగం పూర్తిగా పోలేదు. బాతినా తీరంలో, ఖబూరాలో కంపెనీకి చిన్న స్పేర్ పార్టుల షాపు ఉంది. అక్కడ కౌంటర్ మీద వేశారు. ముందు వచ్చిన రెండు కార్ల సొంతదారులకు కూడా ఉత్తరాలు పోయాయని మేడమ్ చెప్పింది. నాకు కంపెనీ లెటర్‌హెడ్ మీద క్షమాపణ ఉత్తరం వచ్చింది. ఈసారి మేడమ్ చేత మూడుసార్లు చదివించుకుని అందుకున్నాను.

మెకానిక్ ఉద్యోగం నిలబడింది, వార్నింగ్ లెటర్‌తో. కానీ అక్కడ ఎవరూ ఆయనతో సరిగా మాట్లాడటం మానేశారట. రెండు నెలల్లో వేరే గల్ఫ్ దేశానికి పోయాడు. పోయే ముందు ఫోన్ చేశాడు. "నీకు న్యాయం జరిగింది అక్కా, నాకు సంతోషమే. కానీ మాట ఇచ్చి ఫోన్‌లో రికార్డు పెట్టినావ్. ఆయన నీకు చేసింది కూడా అంతే గదా."  ఆయన పెట్టేశాడు. నేను ఇప్పటికీ దానికి జవాబు వెతుక్కోలేదు. వెతికితే దొరకదని తెలుసు.

అయినా నా పగ అంతటితో తీరలేదు.

ఖబూరా దగ్గర మామా పుట్టింటివాళ్లకు ఖర్జూరపు తోట ఉంది. ఆమె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. చలికాలం మొదలయ్యాక నెలకోసారి తోటకు పోదామంటుంది. ఎప్పటిలాగే నా పక్క సీట్లో కూర్చుంటుంది, ఇప్పుడు పూర్తిగా ఆగేదాకా బెల్టు తీయదు. మొదటిసారి తోటకు పోయేటప్పుడు రోడ్డు పక్కన ఆ షాపు బోర్డు చూసి కారు ఆపాను. ఐదు నిమిషాలు మామా, అని దిగాను.

ఆయన కౌంటర్ వెనక ఉన్నాడు. నీలం టీ షర్టు, మీద కంపెనీ గుర్తు. నన్ను గుర్తుపట్టాడు. వైపర్ రబ్బర్లు కావాలన్నాను. లోపలికి పోయి వెతికి తెచ్చాడు. అవి మా కారువి కావన్నాను. మళ్లీ పోయి తెచ్చాడు. ఇవి సరిపోతాయో లేదో పెట్టి చూపించమన్నాను. ఎండలోకి వచ్చి, మామా చూస్తుండగా, వంగి కారు అద్దానికి వాటిని తగిలించాడు.

"ఇంకేమైనా కావాలామ్మా?"

"ఏం వద్దు సార్. మిమ్మల్ని చూద్దామని వచ్చినా."

ఆయన తల వంచుకుని లోపలికి పోయాడు. నేను కారు తీశాను. మామా నన్నే చూస్తోంది. ఎవరు ఆ మనిషి అని అడిగింది. చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి షాపు వైపు చూసి, "వచ్చే నెల కూడా ఆపుతావా?" అంది. ఆపుతానన్నాను.

మరుసటి నెల ఆపాను. గేర్ ఆయిల్ గురించి నాకు అక్కర్లేని ప్రశ్నలు పది అడిగాను, అన్నింటికీ జవాబు చెప్పించుకున్నాను. ఆ పైనెల కూడా ఆపాను. కౌంటర్ మీద వేరే ఎవరో మలయాళీ ఆయన ఉన్నాడు. మునుపున్న సార్ ఏడీ అని అడిగాను. రాజీనామా చేసి ఇండియాకు పోయాడన్నాడు, సామాను కూడా పూర్తిగా తీసుకుపోలేదట. మీకేం కావాలి మేడమ్ అని అడిగాడు.

నాకేం కావాలో నాకే తెలియలేదు. ఆ చిన్న షాపులో, ఫిల్టర్ల డబ్బాల మధ్య నిలబడి, ఎవరో నా చేతిలోది లాక్కుపోయినట్టు కోపం వచ్చింది. ఇంకా కొన్నాళ్లు ఉండాల్సింది ఆయన. నాకు ఇంకా కొన్ని నెలలు బాకీ ఉన్నాయి అనుకున్నాను. ఆయన్ని ఇంకా ఎన్నిసార్లు ఎండలోకి పిలిస్తే చాలనిపించేదో లెక్క తేలలేదు.

బయట మామా హారన్ నొక్కింది. ఎండ ఎక్కుతోంది, తోటకు పోయి చేపలు కాల్చుకోవాలి. ఏమీ కొనకుండా బయటికి వచ్చాను. ఆయన ఉన్నాడా అని అడిగింది మామా. లేడు, పోయాడు అన్నాను. "అల్హమ్‌దులిల్లాహ్" అంది ఆమె, దేవుడి దయ అని చేతులెత్తుతూ. నేను ఆమెతో పాటు చేతులెత్తలేదు. అద్దం సరిచేసుకుని, తోట దారి పట్టాను.